జాగ్రత్తగారి నలభై రెండు రోజులు

డాక్టరమ్మ చెప్పింది ఆరు వారాలు. ఇప్పుడు పదకొండో వారం నడుస్తోంది, మొగుడుగారు మాత్రం ఇంకా ముందుగదిలో సోఫా మీదే పడుకుంటున్నారు. అది ఇద్దరు కూర్చోవడానికి కొన్న సోఫా. ఆయనేమో గుమ్మం పైకమ్మీకి తల తగిలేంత పొడుగు మనిషి. మోకాళ్ళ కింద ఉన్నదంతా సోఫా అంచు దాటి గాల్లో వేలాడుతూంటుంది. పొద్దున్నే లేచి రెండు నిమిషాలు గోడ పట్టుకుంటే గాని అడుగు పడదు. అయినా సరే, మంచం మీదికి రమ్మంటే రారు.

ఆయన భార్య డ్రైవింగ్ టీచరు. పద్దెనిమిదేళ్ళుగా పక్కసీట్లో కూర్చుని, కాలికింద తనకో సొంత బ్రేకు పెట్టుకుని, ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళకి కారు నేర్పింది. ఎదురుగా లారీ వస్తున్నా గొంతు పెంచకుండా "కొంచెం ఎడమకి తల్లీ" అనగలదు. ఆయన రంగుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. కార్మికులంతా ఆయన్ని జాగ్రత్తగారు అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినబడదు. మెట్లు దిగేవాణ్ణి ఆపి చెయ్యి కమ్మీ మీద ఉందో లేదో చూసే రకం. కూతురు పాకే రోజుల్లో బల్ల మూలలకి రబ్బరు తొడుగులు తొడిగారు. ఆ కూతురు పెరిగి పెద్దదై వేరే ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటోంది, తొడుగులు ఇప్పటికీ తియ్యలేదు.

ఇక ఆపరేషను సంగతి. టీచరమ్మ రెండేళ్ళు పట్టుబట్టి నడిచి ముప్ఫై కిలోలు తగ్గింది. ఒళ్ళు తగ్గింది గాని తోలు తగ్గలేదు. పొట్ట ముందుకి వేలాడి, సీటుబెల్టు దాని పైన పెట్టాలో కింద పెట్టాలో తెలిసేది కాదు. కాన్పుతో విడిపోయిన పొట్ట కండరాలు మళ్ళీ కలవలేదని, నడుంనొప్పి అందుకేనని డాక్టరమ్మ చెప్పింది. మిగిలిన చర్మం కోసేసి, కండరాలు దగ్గరికి లాగి కుట్టెయ్యడాన్ని టమ్మీ టక్ అంటారు. ఈ వయసులో ఈ సోకు అవసరమా అన్నవాళ్ళు ఉన్నారు. సోకే అనుకోండి, నలభై ఏడేళ్ళు దాటాక సోకు పడకూడదని ఎవడు రాశాడు?

ఇంటికి పంపేరోజున నర్సు జాగ్రత్తలన్నీ వార్డంతా వినబడేలా చదివింది. బరువులెత్తకూడదు, పొట్టకి కట్టిన బెల్టు విప్పకూడదు, తుమ్మొచ్చినా దగ్గొచ్చినా దిండు పొట్టకి అదుముకోవాలి. చివర్న, ఏమాత్రం గొంతు తగ్గించకుండా, "ఆరు వారాలపాటు భార్యాభర్తల కలయిక వద్దు. తరవాత డాక్టరుగారు చూసి సరేనంటేనే" అంది. పక్కమంచం మీద ముసలావిడ చెవి ఇటు తిప్పింది. టీచరమ్మ దుప్పటి ముక్కుదాకా లాక్కుంది. జాగ్రత్తగారు మాత్రం అన్నీ రాసుకున్నారు.

"ఆరు వారాలంటే నలభై రెండు రోజులేగా సిస్టర్?"

"అవును సార్."

"ఆదివారాలు కలిపేనా?"

నర్సు ఆయన్ని కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, "కలిపే సార్" అంది.

న్యాయంగా చెప్పుకోవాలంటే, ఆయన చేసిన సేవ ఎవరూ చెయ్యరు. మందులు గడియారం పెట్టి వేశారు, వంగి నడుస్తుంటే వెనకాలే నడిచారు, తల దువ్వారు. మంచం పక్కన ఒక ఇత్తడి గంట పెట్టి, ఏం కావాలన్నా కొట్టమన్నారు. టీచరమ్మ ఆ రోజుల్లో అదృష్టవంతురాలిననుకుంది.

ఆరు వారాలు గడిచాయి. డాక్టరమ్మ చూసి, "చక్కగా మానింది. ఇక అన్నీ మామూలే" అంది. 'అన్నీ' అన్నప్పుడు కాస్త నవ్వింది కూడా. ఆ సమయానికి జాగ్రత్తగారు గదిలో లేరు. ఆసుపత్రి వెనకమెట్ల దగ్గర అట్టపెట్టెలు అడ్డంగా ఉన్నాయని, మంటలంటుకుంటే జనం ఎలా బయటపడతారని ఎవరితోనో మాట్లాడుతున్నారు. ఆ సాయంత్రం టీచరమ్మ కొత్త నైటీ వేసుకుని, మంచం మీద ఆయన వైపు చోటు వదిలి కూర్చుంది. ఆయన వచ్చారు. మోకాళ్ళ కింద దిండు సర్దారు. "ఏదైనా కావాలంటే గంట కొట్టు" అని సోఫాకి వెళ్ళిపోయారు.

ఆవిడకి కావలసింది గంట కొట్టి అడిగేది కాదు. పద్దెనిమిదేళ్ళుగా ఎవరికి ఏం చెప్పాలన్నా తడుముకోని నోరు, ఆ ఒక్కమాట దగ్గర పెగల్లేదు. ఇవాళ కాకపోతే రేపు అనుకుంది. రేపూ అంతే, ఎల్లుండీ అంతే. చివరికి అక్కకి ఫోను చేసింది. అదీ నేరుగా చెప్పలేదు, చల్లకొచ్చి ముంత దాచినట్టు సోఫా గురించి, ఆయన కాళ్ళ గురించి మొదలుపెట్టింది. అక్క రెండు నిమిషాల్లో ముంత బయటికి లాగింది.

"నీ మొగుడు కట్టు విప్పినప్పుడు చూశాడా?"

"చూశారు. పక్కనే ఉన్నారు."

"అయితే అదే. మగాళ్ళకి కోత చూస్తే మనసు విరుగుతుందే. పైకి చెప్పరు."

అక్కయ్యలు రెండు రకాలు. పుండు మీద మందు రాసేవాళ్ళు, ఉందో లేదో చూద్దామని గిల్లేవాళ్ళు. ఫోను పెట్టేశాక టీచరమ్మ స్నానాలగదిలోకి వెళ్ళి బెల్టు విప్పి అద్దంలో చూసుకుంది. పొట్ట బల్లపరుపుగా ఉంది. ఈ తుంటి ఎముక దగ్గర్నుంచి ఆ తుంటి ఎముక దాకా ఎర్రటి గీత. బొడ్డు కూడా కొత్తదే, చుట్టూ కుట్లు పెట్టి అమర్చింది. మొన్నటిదాకా ఎంతో ముచ్చటగా చూసుకున్న పొట్ట ఆ పూట ఎవరిదో అనిపించింది. ఏడుపొచ్చింది. ఈ మనిషికి తను ఇంకా కావాలా, వద్దా? అంతకుమించి ఆవిడకి తెలుసుకోవలసిందేమీ లేదు.

శనివారం పొద్దున్న, ఎవరో శిష్యురాలి లైసెన్సు పరీక్ష తేదీ కోసం వంటింటి గోడమీది క్యాలెండరు చూసింది. ప్రతి తేదీ గడిలోనూ మూలకి చిన్న పెన్సిలు అంకె ఉంది. ఇదివరకూ చూసింది గాని ఆయన బీపీ మాత్రల గుర్తులనుకుంది. ఇవాళ నిదానంగా చూస్తే మాత్రల లెక్కలా లేదు. ఆపరేషను మర్నాటి నుంచి ఒకటి, రెండు, మూడు అంటూ పదమూడు దాకా వెళ్ళింది. తరవాతి గడిలో సున్నా. మళ్ళీ ఒకటి నుంచి ఎనిమిది. మళ్ళీ సున్నా. తరవాత ఇరవై దాకా ఎక్కి సున్నా, పదకొండు దాకా ఎక్కి సున్నా. ఇవాళ్టి అంకె పందొమ్మిది.

సున్నాల రోజులు గుర్తుచేసుకుంది. మొదటి సున్నా, వరసగా మూడుసార్లు తుమ్మిన రోజు. రెండోది, అక్క చెప్పిన కబురుకి కుట్లు నొప్పెట్టేలా నవ్విన రోజు. మూడోది డాక్టరమ్మ సరేనన్న మర్నాడు, పై అరలో డబ్బా అందుకుంటుంటే ఆయన చూశారు. నాలుగోది, తిరిగి పనిలో చేరిన వారానికి శిష్యురాలు పాలవ్యాను మీదికి పోతుంటే బ్రేకు తొక్కిన రోజు. నోరుజారి ఆయనకి చెప్పింది కూడా.

జాగ్రత్తగారు అప్పుడే స్టవ్ దగ్గర వంగి గ్యాసు గొట్టానికి సబ్బునీళ్ళు రాస్తున్నారు. బుడగలొస్తే గ్యాసు కారుతున్నట్టు. ప్రతి శనివారం రాస్తారు, ఇంతవరకూ ఒక్క బుడగ రాలేదు.

"ఏమండీ, ఈ అంకెలేంటి?"

"రోజులు."

"ఏం రోజులు?"

"సంఘటన జరగని రోజులు" అన్నారాయన, గొట్టం మీంచి చూపు తిప్పకుండా. "మా గేటు దగ్గర బోర్డుంటుందే, ప్రమాదం లేకుండా ఇన్ని రోజులని. అదే పద్ధతి. చిన్న గీత పడ్డా సున్నా నుంచి మొదలు. నలభై రెండు వరసగా రావాలి."

"నేను తుమ్మితే ప్రమాదమా?"

"దిండు పట్టుకోకుండా తుమ్మావు."

టీచరమ్మకి కోపం రావలసిన చోట నవ్వొచ్చింది. నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంది. ఆయన లేచి నిలబడ్డారు. మొహంలో కంగారు, చెయ్యి మాత్రం జేబులో పెన్సిలు వైపు వెళ్ళింది.

"ఆ పెన్సిలు బయటికి తీశారంటే విరిచేస్తాను" అంది ఆవిడ. "డాక్టరే చెప్పింది కదండీ, అన్నీ మామూలేనని."

"నాతో చెప్పలేదుగా. కాగితం మీదా ఇవ్వలేదు."

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఆ పూజారిని వెంటబెట్టుకుని సోమవారం సెలవుపెట్టి మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళింది. గదిలో కూర్చున్నాక జాగ్రత్తగారు సంచిలోంచి పచ్చరంగు కాగితం తీసి, నిమిరి, తుమ్ములతో సహా తన లెక్కంతా చెప్పి డాక్టరమ్మ ముందు పెట్టారు. ఫ్యాక్టరీలో ట్యాంకులోకి మనిషిని దింపాలన్నా, ఎత్తు మీద పని చేయించాలన్నా ముందుగా నింపే అనుమతి పత్రం అది. పని వివరం, పని జరిగే చోటు, పొంచి ఉన్న ప్రమాదాలు, తీసుకోవలసిన జాగ్రత్తలు, పని ఆపవలసిన సందర్భాలు. అడుగున సంతకం. భూమి రెండుగా చీలితే బాగుండునని టీచరమ్మ కాసేపు ఎదురుచూసింది. చీలలేదు.

డాక్టరమ్మ పత్రం మొత్తం చదివింది. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ముందు టీచరమ్మని తెర వెనక్కి తీసుకెళ్ళి పొట్ట పరీక్షచేసి వచ్చింది.

"సార్, ఆరు వారాలంటే ఆపరేషను రోజునించి ఆరు వారాలు. తుమ్మిన రోజునించి కాదు. కండరాలు కుట్టాం కాబట్టి ఆ గడువు పెట్టాం. ఇప్పుడు గాయం మానింది, వాపు లేదు, నీరు చేరలేదు."

"రాసివ్వండి" అన్నారు జాగ్రత్తగారు.

"రాస్తాను. పని వివరం దగ్గర ఏం రాయమంటారు?"

ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశారు. చెవులు ఎర్రబడ్డాయి. "జనరల్ వర్క్ అని రాయండి" అన్నారు.

డాక్టరమ్మ అలాగే రాసింది. జాగ్రత్తల గడిలో పైకి చదువుతూ రాసింది. "పొట్ట మీద బరువు మోపకూడదు. పక్కకి తిరిగి పడుకుంటే హాయి. నడుం కింద, మోకాళ్ళ కింద దిండ్లు పెట్టుకోవచ్చు. తొందరపడొద్దు, మొదట్లో మెల్లిగా. వేగం ఎంతో అమ్మగారే చెప్తారు, మీరు కాదు." ఆపవలసిన సందర్భాల గడిలో, "సూదిలా పొడిచే నొప్పి వస్తే అక్కడితో ఆపాలి. కుట్టు దగ్గర రక్తం, చీము, కొత్తగా వాపు, జ్వరం ఏది కనబడినా నాకు ఫోను చెయ్యాలి. కొంచెం బిగుతుగా, లాగినట్టు ఉండడం మామూలే" అని రాసింది.

"ఇది ఎన్నాళ్ళు చెల్లుతుందండీ?" అన్నారాయన. "మా దగ్గర ఎనిమిది గంటలే. షిఫ్టు మారితే మళ్ళీ తీసుకోవాలి."

"ఇది మారదు. ఇద్దరూ ఉన్నన్నాళ్ళూ చెల్లుతుంది" అని డాక్టరమ్మ సంతకం పెట్టి ముద్ర కూడా వేసింది. తలుపు మూసుకున్నాక లోపల ఆవిడ పొలమారినట్టు దగ్గడం వినబడింది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండయింది. పడకగది కిటికీ పక్కింటి గోడకేసి ఉంటుంది, పగలైనా లైటు వెయ్యాలి. జాగ్రత్తగారు లైటు వేసి, పత్రం చేత్తో పట్టుకుని తలుపు వైపు చూశారు. పని జరిగే చోట అందరికీ కనబడేలా అంటించాలనేది నియమం. టీచరమ్మ ఆ కాగితం లాక్కుని బీరువాలో పడేసింది. ఆయన వెళ్ళి స్పానరు తెచ్చి మంచం నాలుగు కోళ్ళ బోల్టులూ బిగించారు. తరవాత దిండ్లు లెక్కపెట్టారు. తరవాత కాఫీ పెడతానన్నారు. తరవాత వీధితలుపు గడియ పడిందో లేదో చూసొస్తానన్నారు. మూడోసారి చూసొచ్చి గుమ్మంలో నిలబడిపోయారు.

అప్పుడు అర్థమైంది టీచరమ్మకి. ఇలాంటివాళ్ళు ఆవిడ దగ్గరికి నెలకొకరైనా వస్తారు. ఒకసారి గోడకి గుద్దినవాళ్ళు. బండెక్కమంటే అద్దం తుడుస్తారు, సీటు సర్దుతారు, రూల్సు పుస్తకం అప్పజెప్తారు. తాళం మాత్రం తిప్పరు. కాగితం చాలదు వాళ్ళకి.

"ఇలా వచ్చి కూర్చోండి" అంది. ఆయన మంచం అంచున కూర్చున్నారు.

"మీకు భయమా, ఇష్టం లేదా? రెంట్లో ఒకటి చెప్పండి. భయమైతే నేను నేర్పుతాను. ఇష్టం లేకపోతే ఆ సోఫాకి ఇంకో రెండడుగులు అతికిద్దాం. ఏదైనా సరే, చెప్పండి."

పక్కింటివాళ్ళ కుక్కర్ రెండు కూతలు వేసింది.

"ఆపరేషను రోజు నాచేత సంతకం పెట్టించుకున్నారు" అన్నారు చివరికి. "అది ఎవరూ చదవరు. నేను చదివాను. మూడో పేజీలో ఏమేం జరగొచ్చో అన్నీ ఉన్నాయి. ముప్ఫయ్యేళ్ళనించి రోజూ జనంచేత సంతకాలు పెట్టిస్తున్నాను, జరిగితే మీదే బాధ్యతని. నేను పెట్టడం అదే మొదలు. నాలుగ్గంటలు బయట కూర్చున్నాను. నువ్వు రాకపోతే ఇంటికెళ్ళి తాళం ఎలా తియ్యాలా అనుకున్నాను. అంతకంటే ముందుకి ఆలోచన వెళ్ళలేదు."

టీచరమ్మ ఆయన పక్కకి జరిగింది.

"ఇంకోటుంది. చెప్పకూడదు."

"చెప్పండి."

"నీ పాత పొట్ట నాకు బాగుండేది. ప్రతి ఆదివారం దానిమీద తలపెట్టుకునే పేపరు చదివాను, ఇరవైనాలుగేళ్ళు. ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీట్లేదు."

ఇన్నేళ్ళూ ఆయన ఆ పొట్టని ఓర్చుకుంటున్నారనే ఆవిడ అనుకుంది. పేపరు చదువుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టి లోపలికి లాక్కుని పడుకునేది, పెద్దగా తెలియకుండా.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా" అంది.

"చెప్తే ఆపరేషను మానేసేదానివి. నడుంనొప్పి నీది, నాది కాదుగా."

ఇలాంటి మనిషి మీద కోపం తెచ్చుకోవడం అంత సులువు కాదు. టీచరమ్మ ప్రయత్నించి, కుదరక, బెల్టు విప్పి వెల్లకిలా పడుకుంది. మోకాళ్ళ కింద దిండు తనే సర్దుకుంది. శిష్యురాలి చెయ్యి గేరు మీద పెట్టించినట్టు ఆయన చెయ్యి తీసుకుని పక్కటెముకల కింద పెట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"నొప్పా?"

"లేదు."

చెయ్యి అంగుళం జరిగింది. "ఇక్కడ?"

"లేదు. బాగుంది."

"ఇక్కడ?"

ఆయన ఏ 'ఇక్కడ' అంటున్నారో ఆవిడకి తెలియలేదు. తల ఎత్తి చూస్తే ఆయన అరచెయ్యి బొడ్డు కింద, ఎర్రగీతకి పైన, నిండుగా ఆని ఉంది. అక్కడ ఆవిడకి చెయ్యీ తెలియడంలేదు, చల్లదనమూ తెలియడంలేదు.

"అక్కడ తెలీదండీ" అంది. "నరాలు తెగాయి కదా. మెల్లిగా వస్తుందంది డాక్టరు. నెలలు పట్టొచ్చు, కొంచెం మేర రాకపోనూ వచ్చు."

ఆయన మొహం పాలిపోయింది. సంఘటన అని ఎక్కడ అంటారోనని చూసింది ఆవిడ. అనలేదు. ఆ చెయ్యి తియ్యనూ లేదు, బరువు పెట్టనూ లేదు. కాసేపటికి వంగి, అరచెయ్యి ఉన్నచోటే పెదాలు ఆనించారు. అదీ తెలియలేదు. ఆయన తల కనబడింది, నడినెత్తిన జుట్టు పలచబడ్డ చోటు కనబడింది, అంతే. ఆవిడ ఆ జుట్టులోకి వేళ్ళు పోనిచ్చింది.

ఇంక ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదని ఇద్దరికీ తెలిశాక, ఆయన అలవాటుగా లేచి లైటు దగ్గరికి వెళ్ళారు. ఈ ఇంట్లో లైటు తియ్యమనేది ఎప్పుడూ ఆవిడే. పెళ్ళైన కొత్తలో సిగ్గుకి, ఆ తరవాత పొట్టకి. ముందు చీకటి కావాలి, ఆ తరవాతే మిగతావన్నీ. చెప్పించుకోకుండా తియ్యడం ఆయనకి ఎన్నడో అలవాటైపోయింది.

"వద్దు, ఉండనివ్వండి" అంది ఆవిడ. "మీ చెయ్యి ఎక్కడుందో చూస్తేనేగా నాకు తెలిసేది."